అన్నం మీద కేసు

మొన్న సంక్రాంతికి గుడివాడలో మా ఇంట్లో మధ్యాహ్నం భోజనాలకి ఐదుగురం కూర్చున్నాం. నాన్న షుగర్ కోసం అన్నం మానేసి ఏడేళ్ళయింది. ఆయన కంచంలో దొండకాయ వేపుడు, రెండు ఉడకబెట్టిన గుడ్లు, పక్కన నిమ్మరసం కలిపిన నీళ్ళు. బాబాయి కొర్రల మనిషి. పిన్ని ఉప్పు తినదు, కాబట్టి పప్పులో ఉప్పు వెయ్యకముందే ఆవిడ వాటా గిన్నెలోకి తీసి పక్కన పెట్టాలి. నాకూ చెల్లికీ మామూలు అన్నం. ఒక ఇల్లు, ఒక పొయ్యి, నాలుగు వంటలు. పండగ కదా, పులిహోర, అరిసెలు అదనం.

భోజనాల దగ్గర మాటలన్నీ ఓపిక గురించే. అన్నం మానేశాక మధ్యాహ్నం కునుకు రావట్లేదని నాన్న. కొర్రలు మొదలుపెట్టాక మనసు తేలిగ్గా ఉంటోందని బాబాయి. "నువ్వు కూడా మానెయ్యరా, ఆ కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగానికి అన్నమేంటి?" అని నాకు సలహా. నేనేం తక్కువ తినలేదు, ప్రొటీన్ గురించి ఓ పావుగంట మాట్లాడాను.

ఆ నాలుగు వంటలూ చేసిన మనిషి మూడింటికి తింది. వంటింట్లో, ఒక్కతే, పీట మీద కూర్చుని. చల్లారిన అన్నం, గిన్నె అడుగున మిగిలిన పప్పు, గోంగూర పచ్చడి, మజ్జిగ. చెయ్యి కడుక్కోగానే స్టీలు గ్లాసు నిండా టీ.

అన్నం మీద ఇన్నేళ్ళుగా ఇన్ని కేసులు నడుస్తున్నాయి కదా, ఆ మూడింటి కంచాన్ని ఎవరూ సాక్ష్యానికి పిలవరెందుకు?

*

పాతికేళ్ళలో మా వైపు మధ్యతరగతి ఇళ్ళు మూడు మతాలు పుచ్చుకున్నాయి. ముందు మంతెన సత్యనారాయణరాజు గారు. ఉప్పు వద్దు, నూనె వద్దు, నీళ్ళు బాగా తాగండి అన్నారు. ఆయన టీవీలో మాట్లాడుతుంటే మా వీధిలో ఉప్పు జాడీలు అటకెక్కాయి. 2017, 18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారు. అన్నం వద్దు, కొవ్వు తినండి, నిమ్మకాయలు పిండుకోండి అన్నారు. కొబ్బరినూనె తలకి రాసుకోడమే తెలిసిన జనం దాన్ని గ్లాసులో పోసుకుని తాగారు. ఆ తర్వాత ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు. ఆయనకి 2023లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఒకరు విషమన్న నూనె ఇంకొకరికి మందు. ముగ్గురూ కలిసి ఒప్పుకున్న ముద్దాయి మాత్రం ఒకటుంది, తెల్లన్నం.

ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. ఉప్పు తగ్గిస్తే బీపీకి మంచిదే. పిండిపదార్థం తగ్గిస్తే షుగర్ తగ్గుతుంది, మా నాన్న రిపోర్టులే సాక్ష్యం. నా గొడవ వాళ్ళతో కాదు, వాళ్ళ మాటల్లోంచి మనం తయారుచేసుకున్న భాషతో. ఆ భాషలో తిండి అంటే ఒక మనిషి, ఒక కంచం. కంచంలో మంచిది ఉంటే హుషారు. చెడ్డది ఉంటే నీరసం, చిరాకు, దిగులు. నీకు ఓపిక లేదంటే అది నీ నాలుక చేసిన తప్పు. వండింది ఎవరు, ఏ టైముకి తిన్నారు, తినకముందు ఎంత పని చేశారు, తిన్నాక నడుం వాల్చడానికి వీలుందా అన్నవి అసలు ప్రశ్నలే కావు.

కునుకు సంగతే చూడండి. మధ్యాహ్నం రెండుకీ మూడుకీ మధ్య వచ్చే మగత ఒంట్లో ఉండే గడియారంలోనే ఉంది. భోజనం చెయ్యనివాళ్ళకీ వస్తుందని నిద్ర మీద పరిశోధనలు చేసినవాళ్ళు ఎప్పుడో చూపించారు. బరువైన భోజనం దాన్ని పెంచుతుంది, అంతవరకే. మే నెలలో అవనిగడ్డ బస్టాండులో రెండింటికి దిగి చూడండి, కుక్కలు కూడా కదలవు. అవేం అన్నం ఎక్కువై పడుకోలేదు. ఆ టైముకి మంచం వాల్చడం ఎండకి తగ్గ ఏర్పాటు. దానికి "కార్బ్ కోమా" అని పేరు పెట్టి రోగం చేసింది రెండున్నరకి మీటింగు పెట్టే లోకం. అంటే నాలాంటివాళ్ళ లోకం.

కిందటేడు నేనూ చేతికి గ్లూకోజ్ సెన్సర్ ఒకటి అతికించుకుని రెండు వారాలు తిరిగాను. ఇంజనీర్లం కదా, గ్రాఫు లేనిదే ఏదీ నమ్మం. అందులో నాకు కనపడిన పెద్ద శిఖరాలు మూడు. మూడూ హైదరాబాదులోవే, మూడూ రాత్రి పదకొండు దాటాక, రిలీజ్ కాల్ మధ్యలో ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకుని తిన్నవే. గుడివాడ వెళ్ళిన రెండు రోజులూ అంతకంటే ఎక్కువ అన్నమే తిన్నాను, గీత అంత ఎగరలేదు. అక్కడ ఒంటిగంటకి తిన్నాను, ముందు కూర తిన్నాను, సాయంత్రం రైల్వే స్టేషన్ దాకా నడిచాను, పదింటికి పడుకున్నాను. ఒక్కడి గ్రాఫుతో సిద్ధాంతం చెయ్యకూడదని తెలుసు. కానీ ఆ గ్రాఫు నన్ను "ఏం తిన్నావు" అని కాకుండా "ఎలాంటి రోజులో తిన్నావు" అని అడిగింది. న్యూయార్కులో 2015లో ఒక చిన్న ప్రయోగం జరిగింది. షుగరున్న పదకొండు మందికి అదే భోజనం రెండు వరసల్లో పెట్టారు. కూరలు, మాంసం ముందు తిని, పిండిపదార్థం చివర తిన్న రోజున గ్లూకోజ్ బాగా తక్కువ పెరిగింది. తిండి అదే, వరస మారిందంతే. మన వడ్డనలో ఆ వరసకి చోటే లేదు. పప్పన్నం, కూరన్నం, పులుసన్నం, పెరుగన్నం, ఏ వంతైనా అన్నంతోనే. మార్చాలంటే అన్నాన్ని ఉరి తియ్యక్కర్లేదు, కూర ఇంకాస్త వండితే చాలు. కానీ "ఇంకాస్త వండితే" అన్న మాట దగ్గర మళ్ళీ వంటింట్లోకే వెళ్ళి పడతాం.

*

అన్నం మీద మొదటి కేసు పెట్టింది ఈ యూట్యూబ్ కాలం వాళ్ళు కాదు. వందేళ్ళ కిందటే ఒక కేసు నడిచింది, అదీ సరిగ్గా మన జిల్లాల మీదే. దాన్ని ఇప్పుడు ఎవరూ గుర్తు చేసుకోరు.

బెజవాడ దగ్గర కృష్ణ మీద 1852-55 మధ్య ఆనకట్ట కట్టారు. అంతకు ముందు ఇక్కడ వరి లేదని కాదు, నమ్మకం లేదు. 1832-33 గుంటూరు కరువు ఆ చుట్టుపక్కల జిల్లాల్ని తుడిచిపెట్టింది. కాలవలొచ్చాక వరి ఖాయమైంది. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి రైసుమిల్లులొచ్చాయి. బియ్యం తెల్లబడింది. తెల్లబియ్యం తినడం కాస్త కలిగినతనానికి గుర్తు కూడా అయింది.

అప్పుడొచ్చింది బెరిబెరి. ముందు ఒళ్ళంతా అలసట, ఆకలి మందగించడం, ఊరికే చిరాకు. తర్వాత కాళ్ళు తిమ్మిర్లు, పిక్కలు పట్టెయ్యడం, వాపు. ముదిరితే గుండె. కూనూరులో పోషకాహార పరిశోధన నడిపిన మెకారిసన్, ఆయన సహచరుడు నోరిస్ 1924లో దీని మీద రాశారు. ఆయన తర్వాత ఆ ప్రయోగశాల బాధ్యత తీసుకున్న ఏక్రాయిడ్ బృందం 1940లో భారతదేశపు బియ్యం సమస్య మీద ఒక నివేదిక తెచ్చింది. వాళ్ళు గీసిన పటంలో మద్రాసు రాజధానిలో బెరిబెరి ఉన్న చోటు ఉత్తర సర్కారులు. అంటే మన కోస్తా. తమిళ జిల్లాల్లో, మలబారులో జనం మనంతే అన్నం తింటున్నారు, మిల్లు బియ్యమూ తింటున్నారు. వాళ్ళకి ఈ జబ్బు లేదు.

తేడా ఎక్కడుందంటే, వాళ్ళు తినేది ఉప్పుడు బియ్యం. వడ్లని నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి అప్పుడు మిల్లుకి పంపుతారు. ఆ ఆవిరికి పై పొరలో ఉన్న బి1 విటమిన్, అదే థయమిన్, గింజ లోపలికి దిగిపోతుంది. తర్వాత ఎంత పాలిష్ పట్టినా కొంత మిగులుతుంది. మనం తినేది పచ్చి బియ్యం. మిల్లులో పై పొరతో పాటు థయమిన్ తవుడులోకి పోతుంది. మిగిలినది నీళ్ళలో కరుగుతుంది కాబట్టి బియ్యం నాలుగుసార్లు కడిగితే కుండీలోకి పోతుంది. ఇంకా మిగిలితే గంజి వార్చినప్పుడు కుడితి తొట్లోకి పోతుంది. వెరసి గేదె ఆరోగ్యంగా ఉంటుంది.

ఈ థయమిన్ లేకపోతే తిన్న పిండిపదార్థాన్ని ఒళ్ళు పూర్తిగా శక్తిగా మార్చుకోలేదు. పొయ్యి నిండా కట్టెలున్నాయి, నిప్పు అంటుకోవట్లేదు, అలాంటి పరిస్థితి. మనిషి కడుపునిండా తిని నీరసంగా ఉంటాడు. చూసేవాళ్ళకి అది బద్ధకంలా కనిపిస్తుంది. ఎంతమంది పాలేళ్ళని ఆ రోజుల్లో "తిండికి ముందు, పనికి వెనక" అని తిట్టి ఉంటారో ఊహించుకోవచ్చు.

ఇందులో నన్ను నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటుంది. ఏక్రాయిడ్, కృష్ణన్ కలిసి 1941లో ఈ బెరిబెరి ప్రాంతంలోని పసిపిల్లల మరణాల మీద రాశారు. తల్లి ఒంట్లో థయమిన్ తక్కువైతే పాలలోనూ తక్కువే. రెండు నెలలకీ ఐదు నెలలకీ మధ్య బిడ్డ ఉన్నట్టుండి నీలుక్కుపోయి పోవచ్చు. తల్లికి పైకి ఏ జబ్బూ కనపడకపోవచ్చు. బాలింతకి పథ్యం పేరుతో పప్పూ కూరా తగ్గించి అన్నంలో కారప్పొడి కలిపి పెట్టడం మన ఇళ్ళలో నిన్న మొన్నటి దాకా ఉంది, కొన్నిచోట్ల ఇప్పటికీ ఉంది. దిష్టి అనో, గాలి సోకిందనో ఎన్ని ఊళ్ళలో ఎన్ని ఉయ్యాలలు విప్పేశారో. నేరం మిల్లుదీ, పథ్యానిదీ. శిక్ష ఎవరికి పడిందో చెప్పక్కర్లేదు.

దీనికి విరుగుడుగా దంపుడు బియ్యం తినమని 1930లలో గాంధీజీ గట్టిగా రాశారు. సైన్సు ప్రకారం సరైన మాటే. కానీ రోకలి పట్టుకునేదెవరు? దివిసీమలో నాగాయలంక వైపు మా అమ్మమ్మది. చిన్నప్పుడు చీకటితో లేచి వడ్లు దంచడం, తర్వాత ఆ ఊరికి మిల్లు రావడం ఆవిడకి బాగా గుర్తు. "మిల్లొచ్చిన రోజున మా అమ్మ కొబ్బరికాయ కొట్టిందిరా" అనేది. మనం దంపుళ్ళ పాటలు సేకరించుకున్నాం, వాటి లయ గురించి వ్యాసాలు రాసుకున్నాం, రాసుకోవాల్సిందే. ఆ పాడే గొంతుల అరచేతులు ఎలా ఉండేవో అమ్మమ్మ చూపిస్తే తప్ప నాకు తెలీలేదు. విటమిన్ పోయిన మాట నిజం, రోకలి పోయిన మాటా నిజం. ఈ రెండో దాన్ని లెక్కలోకి తీసుకోని ఆరోగ్య సలహా ఏదైనా ఇంకొకరి భుజం మీద పెట్టి కాల్చే తుపాకీయే.

ఇప్పుడు బెరిబెరి లేదు. పప్పు, పాలు, గుడ్లు, చేపలు, ఇడ్లీ దోసెలు పెరిగాయి, థయమిన్ వేరే దారుల్లో వస్తోంది. మనం పక్కన పడేసిన తవుడు మాత్రం తన దారిన తాను వెళ్తోంది. గుడివాడ దాటి కైకలూరు వైపు వెళ్తే చెరువు గట్ల మీద బస్తాలు కనిపిస్తాయి. నూనె తీసిన తవుడు, చేపల మేత. ఆ తవుడు తిని బొచ్చె, శీలావతి పెరుగుతాయి. ఐసు వేసుకుని లారీలెక్కి కలకత్తా వెళ్తాయి. మనం ఇక్కడ తెల్లన్నం తిని మల్టీవిటమిన్ మాత్ర వేసుకుంటాం.

*

ఇంకో బియ్యం ఉంది, కోటా బియ్యం. 1983లో గుడివాడ నుంచి కూడా గెలిచిన రామారావు గారు కిలో రెండు రూపాయలకి ఇచ్చిన బియ్యం. రెండు పూటలా అన్నం అన్నది ఎంతమందికి అప్పుడే మొదలైందో మన డైట్ చర్చల్లో ఎప్పుడైనా విన్నారా? ఈమధ్య ఆ కోటా బియ్యంలో నూటికి ఒక వంతు ఫోర్టిఫైడ్ గింజలు కలిపారు. ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 ఉంటాయి వాటిలో. కడిగేటప్పుడు తేలుతున్నాయని "ప్లాస్టిక్ బియ్యం" అని పుకారు లేపి జనం ఏరి పారేశారు. ఫోలిక్ యాసిడ్‌ని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద యల్లాప్రగడ సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టినవాడు. శరీరంలో శక్తికి నాణెంలాంటి ఏటీపీని కనిపెట్టినవాళ్ళలోనూ ఆయన ఒకడు. మన డెల్టా బిడ్డ విగ్రహాలకి దండలేస్తాం, ఆయన మందు కంచంలోకొస్తే ప్లాస్టిక్ అంటాం. సరే, ఆ బియ్యం మీద న్యాయమైన ప్రశ్నలూ ఉన్నాయి, రక్తహీనతకి ఇదొక్కటే దారా అని. ఆ ప్రశ్నలు అడగాల్సింది అది తినేవాళ్ళు. అడుగుతున్నది ఎక్కువగా దాన్ని ఇడ్లీ పిండికి కొనుక్కునేవాళ్ళు.

ఇక మన సంగతి. మన అంటే సాహిత్యం చదివే, రాసే మన సంగతి.

డైట్ గురువుల్ని మనం ఎగతాళి చేస్తాం. కానీ మన పత్రికల్లో వచ్చే తిండి వ్యాసాలు ఆ గురువుల వీడియోలకి కవల పిల్లలు. అక్కడ "పూర్వీకులు ఇలా తిన్నారు, అందుకే వందేళ్ళు బతికారు". ఇక్కడ "అమ్మమ్మ చేతి ముద్దలో అమృతం". రెండింట్లోనూ వండే మనిషికి చేతులుంటాయి, కడుపు ఉండదు. బందరు లడ్డు మీద నేను చదివిన వ్యాసాలు తక్కువేం కాదు. దానికి 2017లో జీఐ గుర్తింపు వచ్చినప్పుడు ఇంకా వచ్చాయి. దాన్ని తొక్కుడు లడ్డు అంటారు. శనగపిండి పూసని దంచి, జల్లించి, బెల్లం పాకంతో మళ్ళీ దంచి చేస్తారు కాబట్టి ఆ పేరు. పేరులోనే రెక్కల కష్టం ఉంది. వ్యాసాల్లో మాత్రం నెయ్యి వాసనే ఉంటుంది.

చద్దన్నం ఇంకో ఉదాహరణ. వంద గ్రాముల అన్నంలో 3.4 మిల్లీగ్రాముల ఇనుము ఉంటే, రాత్రంతా నానబెట్టాక అది 73.91 అవుతుందని ఒక లెక్క వాట్సాప్‌లో తిరుగుతోంది. మంచి రచయితలు కూడా దాన్ని వ్యాసాల్లో ఎక్కిస్తున్నారు. అయ్యా, ఇనుము మూలకం. కుండలో రాత్రికి రాత్రి పుట్టదు. పులిస్తే ఉన్న ఇనుము ఒంటికి పట్టడం కొంత సులువవుతుంది, అది వేరే మాట. ఊడ్పులకి ముఠాలో వెళ్ళే ఆడవాళ్ళు తెల్లారగట్ల క్యారేజీలో చద్దన్నం ఎందుకు పెట్టుకుంటారంటే, ఆ టైముకి వండుకునే వ్యవధి లేదు కాబట్టి. వంగి మోకాలి లోతు నీళ్ళలో ఐదారు గంటలు నాటాక గట్టు మీద తినే ఆ తిండికి మనం "ప్రోబయోటిక్" అని బిరుదిచ్చాం. ఆ కాస్త ఉల్లిపాయ పక్కన ఒక గుడ్డు ఉంటే బావుండేదన్న మాట ఏ వ్యాసంలోనూ కనపడదు.

అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1944-45లో ఆన్సెల్ కీస్ అనే ఆయన 36 మంది యువకులతో ఒక ప్రయోగం చేశాడు. వాళ్ళు యుద్ధానికి వెళ్ళనన్నవాళ్ళు, ఇష్టపడి వచ్చినవాళ్ళు. ఆరు నెలలు అర్ధాకలితో ఉంచారు. కొన్ని వారాల్లోనే హుషారైన కుర్రాళ్ళు దిగులు పడ్డారు, ఒకరి మీద ఒకరు విసుక్కున్నారు, చదువు మీద, ఆడపిల్లల మీద, దేశం మీద ఆసక్తి పోయింది. వాళ్ళు ఇష్టంగా చదివినవి ఏంటో తెలుసా? వంటల పుస్తకాలు. పోగుచేసుకుని మరీ చదివారు. వాళ్ళకిచ్చిన తిండి రోజుకి సుమారు 1,570 కేలరీలు. మీ ఫోన్లో డైట్ యాప్ ఉంటే ఒకసారి తెరిచి మీకు పెట్టిన అంకె చూడండి. ఆకలి మనిషి స్వభావాన్నే మార్చేస్తుంది, మార్చాక చూసేవాళ్ళు దాన్నే స్వభావం అనుకుంటారు.

మా అమ్మమ్మ ఇంట్లో అటక మీద ఒక ఇనప డ్రమ్ము ఉండేది. ఎప్పుడూ నిండుగా బియ్యం. కిందిది ఖాళీ అయినా పైది ముట్టుకోనిచ్చేది కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు దివిసీమలో వేలమంది పోయారు, అమ్మమ్మ వాళ్ళు మిగిలారు. ఆ తర్వాత తిన్న మొదటి అన్నం గురించి ఆవిడ ఎప్పుడూ వర్ణించి చెప్పలేదు, "తిన్నాం" అనేది అంతే. కానీ ఆ డ్రమ్ము మూత తీసి చెయ్యి పెట్టి చూసుకున్నాకే రాత్రి పడుకునేది. తిండికీ మనసుకీ సంబంధం గురించి నాకు తెలిసిన అతి పెద్ద ప్రయోగం అది. ఆవిడ ముందు నిలబడి "అమ్మమ్మా, అన్నం వట్టి కార్బు" అని చెప్పగలిగే ధైర్యం ఏ గురువుకైనా ఉందా?

తిండి మారిస్తే దిగులు తగ్గుతుందా అని అడిగితే, తగ్గొచ్చు. ఆస్ట్రేలియాలో ఫెలిస్ జాకా బృందం 2017లో ప్రచురించిన ప్రయోగం దీనికి అందరూ చూపించే సాక్ష్యం. డిప్రెషన్ ఉన్న 67 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి పన్నెండు వారాలు కూరగాయలు, పప్పులు, చేపలు, ముడి ధాన్యాలతో తిండి. రెండో జట్టుకి కేవలం కబుర్లు చెప్పే తోడు. మొదటి జట్టులో 32 శాతం మంది కోలుకున్నారు, రెండో జట్టులో 8 శాతం. చిన్న ప్రయోగమే అయినా తీసిపారెయ్యలేం. అయితే మొదటి జట్టులో ఒక్కొక్కరితో డైటీషియన్ విడిగా ఏడుసార్లు కూర్చున్నారు. నీకేం ఇష్టం, ఏం తింటున్నావు, ఏది కుదరట్లేదు అని అడిగారు.

మా ఇంట్లో ఆ ప్రశ్న అమ్మని ఎవరూ అడగలేదు.

మూడేళ్ళ కిందట నాన్న షుగర్ పరీక్షకి రక్తం తీసుకోడానికి ల్యాబ్ కుర్రాడు ఇంటికొచ్చాడు. ఎలాగూ వచ్చాడు కదా అని నేను ఫోన్లో చెప్పి అమ్మది కూడా ఇప్పించాను. అంత యాదృచ్ఛికం. హిమోగ్లోబిన్ 8.1. డాక్టరు గారు రక్తం ఎక్కడైనా పోతోందేమో అని మిగతా పరీక్షలన్నీ చేయించారు, ఏమీ లేదు. అప్పుడు అడిగారు, "ఏం తింటారమ్మా, ఎప్పుడు తింటారు?" ఆవిడకి ఏం చెప్పాలో తెలీలేదు. "అందరూ తిన్నాక తింటానండీ" అంది. మా నాన్న తలొంచుకోవడం ఆ రోజే చూశాను.

ఎర్ర గోంగూర, పప్పు, ఆకుకూరల్లో ఇనుము ఉంటుంది గానీ అంత తేలిగ్గా ఒంటికి పట్టదు. పక్కన పులుపు, ముఖ్యంగా నిమ్మకాయ, ఉంటే పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే ఇంకా తగ్గుతుంది. ఏడేళ్ళుగా మా ఇంట్లో రోజూ నిమ్మకాయలు తెగుతూనే ఉన్నాయి, అన్నీ నాన్న గ్లాసులోకే. అమ్మ పప్పులోకి ఒక చెక్క పిండాలని ఎవరికీ తట్టలేదు. ఇది మా ఇంటి విచిత్రం కూడా కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత.

మా అమ్మకి ఇంట్లో ఒక పేరుంది, "చిరాకు మనిషి". సాయంత్రమైతే ఎవరు పలకరించినా కసురుకునేది. టీవీ సౌండ్ పడేది కాదు. చుట్టాలొస్తే మొహం ముడుచుకునేది. నా చిన్నప్పటి జ్ఞాపకాల్లో సగం ఆ కసురుల చుట్టూ ఉన్నాయి. ఒకటి రెండు కథలు కూడా రాశాను దాని మీద, "అమ్మలోని చేదు" అంటూ, గొప్ప మనస్తత్వ పరిశీలన చేసినట్టు. మందులూ, టైముకి తిండీ మొదలయ్యాక ఆరు నెలల్లో హిమోగ్లోబిన్ 11 దాటింది. కసురులన్నీ పోలేదు, కొన్నిటికి న్యాయమైన కారణాలున్నాయి. కానీ ఒక సాయంత్రం నేను ఫోన్ చేస్తే వెనక పాట వినిపించింది. రేడియో అనుకున్నాను. కాదు, బట్టలు మడతపెడుతూ ఆవిడే పాడుకుంటోంది. ముప్పై నాలుగేళ్ళ వయసులో నాకు మా అమ్మ పాడుతుందని తెలిసింది. ఆ కథలు ఇప్పుడు చదువుకుంటే సిగ్గేస్తోంది. పాత్రల మనసు లోతులు తవ్వే విమర్శ రాస్తాను నేను. ఆ పాత్ర మధ్యాహ్నం ఎన్నింటికి అన్నం తింది అని ఒక్కసారి కూడా అడగలేదు.

ఈ సంక్రాంతికి మళ్ళీ ఆ నాలుగు వంటలు, మళ్ళీ ఆ మూడింటి కంచం చూశాక గొడవ పెట్టుకున్నాను. పండగ కదా, ఒక్కరోజేగా అన్నారు అందరూ, అమ్మతో సహా. కొర్రలు ఎవరికి కావాలో వాళ్ళే వండుకోవాలి అన్నాను. బాబాయికి కోపం వచ్చింది. చెల్లి నవ్వింది, "నువ్వు ఈ నాలుగు రోజుల్లో ఒక్క గిన్నె కడిగావా అన్నయ్యా?" అని. కడగలేదు.

హైదరాబాద్ వచ్చాక రోజూ ఒంటిగంటన్నరకి ఫోన్ చేస్తున్నాను. నిన్న కూడా చేశాను.

"తిన్నావా అమ్మా?"

"ఆఁ, తినేశాన్రా, ఇప్పుడే."

వెనక నుంచి నాన్న గొంతు వినిపించింది. "ఇంకా లేదురా. కంచం పెడుతున్నా, ఉండు."